ల్యాండర్ - ఆర్బిటర్ రేడియో లింకు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఆర్బిటర్ (గ్రహం చుట్టూ తిరిగే నౌక) ల్యాండర్‌కు (నేల మీద దిగిన నౌకకు) దగ్గర్లోనే తిరుగుతుంది కాబట్టి సిగ్నల్‌కు ఢోకా లేదు.

వాస్తవం: అంగారకుడిపై 300 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆర్బిటర్ నడినెత్తికి వచ్చినప్పుడే ల్యాండర్‌కు దాని దూరం 300. దిగంతానికి 10 డిగ్రీల పైన కనిపించేటప్పుడు అది దాదాపు 980 కిలోమీటర్లు. అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది, అంటే 10 డెసిబెల్స్ నష్టం. ఆర్బిటర్ ఒకసారి ఆకాశంలో కనిపించి దాటిపోయే ఈ పాస్ మొత్తం పది నిమిషాలు అటూ ఇటూ. ఒకే డేటా రేటు పెట్టుకుంటే అంచుల్లో లింకు తెగుతుంది, లేదా నడినెత్తిన ఉన్న మంచి సమయం వృథా అవుతుంది. అందుకే క్యూరియాసిటీ రోవర్, మార్స్ రికనసెన్స్ ఆర్బిటర్ (ఎంఆర్‌ఓ)ల మధ్య రేటు పాస్ నడుస్తుండగానే మారుతుంది.

అపోహ: ల్యాండరే ముందుగా పిలుస్తుంది.

వాస్తవం: దగ్గరి నౌకల మధ్య రేడియో సంభాషణకు వాడే ప్రాక్సిమిటీ-1 ప్రోటోకాల్‌తో నడిచే అంగారక పాస్‌లలో మామూలుగా ఆర్బిటరే పిలుస్తుంది. ఎంఆర్‌ఓ 437.1 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే, రోవర్ 401.6 దగ్గర బదులిస్తుంది. ఆ వేళకు రోవర్ రిసీవర్ ఆన్‌లో లేకపోతే పాస్ పోయినట్టే.

అపోహ: ప్రజ్ఞాన్ నేరుగా భూమితో మాట్లాడింది.

వాస్తవం: చంద్రయాన్-3లో ప్రజ్ఞాన్ మాట్లాడింది విక్రమ్‌తోనే. భూమితో లింకు విక్రమ్‌ది. అత్యవసరానికి చంద్రయాన్-2 ఆర్బిటర్‌ను సిద్ధంగా ఉంచారు.

అపోహ: డాప్లర్ (నౌకల కదలిక వల్ల సిగ్నల్‌లో వచ్చే మార్పు) అంటే క్యారియర్ (డేటాను మోసే రేడియో తరంగం) ఫ్రీక్వెన్సీ జరగడమే. రిసీవర్ దాన్ని పట్టుకుంటే చాలు.

వాస్తవం: బిట్ రేటు కూడా జరుగుతుంది. ఇది మరిచినందుకు శనిగ్రహపు చంద్రుడు టైటాన్‌పై దిగాల్సిన హైగన్స్ నౌక దాదాపు మూగబోయేది. అది పంపేది సెకనుకు 8192 బిట్లు. డాప్లర్ వల్ల వచ్చే తేడా సెకనుకు ఒక్క బిట్టు కూడా నిండదు. అయినా హైగన్స్ సిగ్నల్‌ను అందుకోవాల్సిన కసీని నౌకలోని రిసీవర్‌లో బిట్లను లెక్క తప్పకుండా పట్టే భాగం ఆ తేడాకే తట్టుకోలేదు. 2000లో అసలు డాప్లర్‌ను అనుకరించి పరీక్షిస్తేనే లోపం బయటపడింది. అప్పటికే నౌక అంతరిక్షంలో ఉంది, రిసీవర్‌లోని ఆ ఫర్మ్‌వేర్‌ను (లోపలి ప్రోగ్రామ్‌ను) మార్చే దారి లేదు. దాంతో దారినే మార్చారు: కసీని టైటాన్‌కు సుమారు 60,000 కిలోమీటర్ల దూరం నుంచి సాగేలా చేసి, హైగన్స్ దిశలో దాని వేగాన్ని తగ్గించారు. రేడియో లోపాన్ని కక్ష్యతో సరిదిద్దిన ఇంత గొప్ప ఇంజనీరింగ్ చాలా అరుదు.

అపోహ: రెండు ఛానెళ్లుంటే ఒకటి పోయినా నష్టం లేదు.

వాస్తవం: రెండింటిలోనూ ఒకే డేటా పంపినప్పుడే ఆ మాట నిజం. హైగన్స్ టైటాన్‌పై దిగిన 2005 జనవరి 14న కసీనిలోని ఎ-ఛానెల్ రిసీవర్‌ను ఆన్ చేసే కమాండ్ లేకపోవడంతో, రెండు ఛానెళ్లకూ పంచి పెట్టిన చిత్రాల్లో సగం, దాదాపు 350, పోయాయి. గాలి వేగం కొలిచే డాప్లర్ ప్రయోగమూ ఆ ఛానెల్‌పైనే ఆధారపడింది. భూమి మీది రేడియో టెలిస్కోపులు హైగన్స్ క్యారియర్‌ను నేరుగా పట్టుకోబట్టి ఆ ఫలితాలు చాలావరకు దక్కాయి.