టీబీ క్రిమి గోడ: అపోహలు - వాస్తవాలు

కళ్లె పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉన్నవాళ్లకి టీబీ క్రిమి మొండితనం రోజూ కనిపించేదే. స్లైడ్ మీద కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట పెడతాం. ఆ ఎర్ర రంగును 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడిగితే మిగతా క్రిములు దాదాపు అన్నీ వదిలేస్తాయి, ఇది వదలదు. మిథిలిన్ బ్లూ వేసి చూస్తే నీలంలో సన్నటి ఎర్ర పుల్లల్లా ఉంటాయి. అదంతా దాని గోడ మహిమ. మైకోలిక్ ఆమ్లాలనే మైనంలాంటి కొవ్వు పూత అది.

అపోహ: ఇమ్యూనిటీ గట్టిగా ఉంటే క్రిమి ఒంట్లోకి రాగానే చస్తుంది.

వాస్తవం: ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు దాన్ని మింగే మాట నిజమే, అరిగించుకోవడమే కష్టం. కణం లోపల క్రిమి ఉన్న సంచి, అరిగించే ఎంజైములున్న సంచితో కలవాలి. గోడలోని కొవ్వులు ఆ కలయికకే అడ్డుపడతాయి. కన్నీళ్లలో, ఉమ్మిలో ఉండే లైసోజైమ్ చాలా బ్యాక్టీరియాల గోడను కోసేస్తుంది కానీ, ఇక్కడ మైనం దాటితేగా!

అయితే క్రిమిని పట్టించేదీ ఆ గోడే. మాక్రోఫేజ్ మీదుండే మింకిల్ అనే గ్రాహకం గోడలోని ఒక కొవ్వును గుర్తుపడుతుంది. టి కణాలనే మరో రకం రక్షణ కణాల్లో కొన్ని ఏకంగా మైకోలిక్ ఆమ్లాన్నే ఆనవాలు పడతాయి. ఇది 1994లో బయటపడింది. అంతవరకూ టి కణాలు ప్రొటీన్ ముక్కలనే చూస్తాయనుకునేవారు. టి కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌తో మాక్రోఫేజ్‌కి ఊపొస్తుంది. అప్పటికీ చావని క్రిముల చుట్టూ కణాలు మూగి గడ్డ కడతాయి. సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే.

అపోహ: అయితే ఇమ్యూనిటీ పెంచే కషాయం చాలు.

వాస్తవం: ఊపిరితిత్తిలో గుల్ల పడేది చాలావరకు మన రక్షణ కణాల ఆవేశం వల్లే. కషాయం తాగండి, నాకేం అభ్యంతరం లేదు. మాత్రలు ఆపొద్దు, షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి.

అపోహ: దగ్గు తగ్గింది, రిపోర్టు నెగటివ్ వచ్చింది, ఇక మందులెందుకు?

వాస్తవం: టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ మైకోలిక్ ఆమ్లం తయారీని, ఇథాంబ్యుటాల్ గోడలోని చక్కెర గొలుసు తయారీని ఆపుతాయి. అంటే క్రిమి గోడ కట్టుకుంటున్నప్పుడే వీటి దెబ్బ గట్టిగా తగులుతుంది. మగతలో ఉన్న క్రిములు గోడ పని పెద్దగా పెట్టుకోవు. అందుకే గోడతో పనిలేని రిఫాంపిసిన్ మందు తోడుగా మామూలు టీబీకి 6 నెలల కోర్సు. ఇక మేం నెగటివ్ అని రాసేది మా కంటికి కనబడలేదనే. మిల్లీలీటరు కళ్లెలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే గానీ మైక్రోస్కోపులో దొరకవు.