క్యూ లైన్‌లో బుడగ

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “చేతి నరానికి ఎక్కించిన మందు మెదడులో ఒక్క మూలకే ఎలా చేరుతుంది? స్కానింగ్ శబ్దంతో చేరుస్తారట, నిజమేనా?”

నిజమే. కాకపోతే మందును శబ్దం మోసుకెళ్లదు. మందు ఒళ్లంతా తిరుగుతూనే ఉంటుంది. కావలసిన చోట మాత్రం రక్తనాళం గోడలో దారి తెరుస్తారు. తెరిచేది, మందుతో పాటు రక్తంలోకి ఎక్కించే, ఎర్ర రక్తకణం కన్నా చిన్నదైన బుడగ. దాన్ని ఊపేది స్కానింగ్ శబ్దం, అంటే అల్ట్రాసౌండ్. (అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రేలు ఉండవు, వట్టి శబ్దం.)

మామూలు గాలి బుడగ ఇంత చిన్నదైతే రక్తంలో ఇట్టే కరిగిపోతుంది. అందుకే లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటి, నీటిలో అంతగా కరగని బరువైన వాయువు నింపి, చుట్టూ ఒక్క అణువు మందాన కొవ్వు పొర కడతారు. సోనోవ్యూ అనే సరుకైతే 25 మి.గ్రా. పొడిలో 5 మి.లీ. సెలైన్ పోసి 20 సెకన్లు గట్టిగా కుదపాలి, 6 గంటల్లోపు వాడేయాలి. బుడగ సగటు వ్యాసం 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎర్ర రక్తకణం 7–8 ఉంటుంది. సన్నటి సూదిలోంచి బలంగా నొక్కితే బుడగలు అక్కడే చితికిపోతాయి, అందుకే 20 గేజ్ లేదా అంతకన్నా లావు సూది వాడతారు. సిరంజిని కదపకుండా పెడితే బుడగలు పైకి తేలతాయి. మళ్లీ కలపకపోతే ఒకసారి వట్టి సెలైన్, ఒకసారి చిక్కటి బుడగలు ఎక్కుతాయి.

అసలు అందం ఒక లెక్కలో ఉంది. నీటిలోని బుడగ వ్యాసార్థాన్ని మైక్రాన్లలో, దాని సహజ పౌనఃపున్యాన్ని (తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కను) మెగాహెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు పది లక్షల ఊపుల్లో, తీసుకుని గుణిస్తే సుమారు 3.26 వస్తుంది. 3 మైక్రాన్ల వ్యాసమున్న (వ్యాసార్థం 1.5) బుడగకు 2.2 మెగాహెర్ట్జ్ అన్నమాట. కొవ్వు పొర బిగువు వల్ల ఇంకాస్త పెరుగుతుంది. పొట్ట స్కాన్‌కు ఒంటికి ఆనించే పరికరం, ప్రోబ్, పనిచేసేది 2–5 మెగాహెర్ట్జ్ మధ్య! కేశనాళికలో (అతి సన్నటి రక్తనాళంలో) దూరే సైజుకూ, స్కాన్ మిషన్ శ్రుతికీ ఇలా కుదరడం ఎవరూ అనుకుని చేసింది కాదు. ఇంటర్ ల్యాబ్‌లో శృతిదండం మోగించి, రీడింగు రాయించి పంపేస్తారు. ఈ లెక్క అక్కడే చేయిస్తే అనునాదం (సహజ శ్రుతికి సరిపోయే శబ్దం తగిలితే ఊపు పెరగడం) జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు తిరుమల క్యూ లైన్‌కు రండి. రెండు పక్కలా ఇనుప కమ్మీలు, మధ్యలో ఒకరి వెనక ఒకరు. కేశనాళిక అదే, కమ్మీలు దాని గోడ కణాలు. మెదడులో ఆ కణాల మధ్య జాయింట్లు మరీ బిగుతు. లైన్‌లో ఒకాయన, అంటే బుడగ, సెకనుకు లక్షలసార్లు మోచేతులు చాచి ముడుస్తున్నాడనుకోండి. చాచినప్పుడు కమ్మీలు బయటికి వంగుతాయి, ముడిచినప్పుడు లోపలికి గుంజుకుంటాయి. జాయింట్లు వదులవుతాయి. వెనకున్న బక్కపిల్లాడు, అంటే మందు, ఆ సందులోంచి జారుకుంటాడు. మోచేతులాయన మాత్రం లైన్‌లోనే ఉంటాడు. ఇలాంటివాళ్లు లైన్ పొడవునా ఉన్నా, శబ్దాన్ని కేంద్రీకరించిన కాంపార్ట్‌మెంట్‌లోనే చేతులు చాస్తారు, అది దాటగానే బుద్ధిగా నడుస్తారు. మరీ జోరు చేస్తే కమ్మీ విరిగి రక్తం చిమ్ముతుంది. అందుకే శబ్దాన్ని ఆపి ఆపి ఇస్తారు. సెకనుకొకసారి 10 మిల్లీసెకన్లు ఇస్తే, ఆ విరామంలో కొత్త బుడగలు లోపలికి వస్తాయి. వదులైన జాయింట్లు దాదాపు ఒక రోజులో మళ్లీ బిగుసుకుంటాయి.

జోరు ఎంతో తెలిసేది వినడం వల్లే. పంపిన పౌనఃపున్యంలో సగం శ్రుతి తిరిగి వినిపిస్తే బుడగలు నిలకడగా ఊగుతున్నట్టు. అన్ని శ్రుతులూ కలిసిన బుస వినిపిస్తే కుప్పకూలి పగులుతున్నట్టు, వెంటనే పీడనం తగ్గించాలి.

పుర్రె ఎముక ఎక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది. కాబట్టి మెదడుకు 220 కిలోహెర్ట్జ్ దాకా దిగి, 1024 ప్రోబులున్న శిరస్త్రాణం వాడతారు. ఎముక మందం చోటుకో తీరుగా ఉంటుంది గనక, అలలన్నీ ఒకే చోట కలిసేలా సీటీ స్కాన్ చూసి ఒక్కో ప్రోబు సమయాన్ని సరిచేస్తారు. 2001లో కుందేళ్లపై ఫలించిన ఈ పద్ధతిని 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మెదడు కణితి రోగికి కీమో మందుతో కలిపి వాడారు.

ఇదే దారిలో మందుకు బదులు జన్యువులను, అంటే డీఎన్‌ఏను, కణాల్లోకి పంపాలంటే మాత్రం చిక్కు ముదురుతుంది. డీఎన్‌ఏకు రుణావేశం, కాబట్టి పొరలో ధనావేశపు కొవ్వులు కలిపి దాన్ని బుడగకు అంటిస్తారు. అంటేది కొంచెమే. గోడ దాటి కణంలో పడ్డాక కూడా కేంద్రకపు పొర అడ్డం. విభజన చెందని కణంలో ఆ పొర విడిపోదు. ఆ గడపను శబ్దం దాటించలేదు, అందుకే దిగుబడిలో వైరస్ వాహకాలదే (జన్యువును మోసుకెళ్లే వైరస్‌లదే) పైచేయి.