కాప్రికా చూసినవాళ్ళు మమ్మల్ని అడిగేవి: అపోహలు – వాస్తవాలు

చెన్నైలో ఫ్యాక్టరీలకి వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే హెడ్‌సెట్ తగిలించుకుని చూసే కృత్రిమ లోకం) శిక్షణ ప్రోగ్రాములు తయారు చేయడం నా వృత్తి. అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు వైపు కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మంట పెట్టకుండానే మంట ఆర్పడం నేర్పుతాం. ఈ మాట చెప్పగానే సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్న తెలుగు కుర్రాళ్ళు 'కాప్రికా' ఎత్తుతారు. 2010 జనవరిలో అమెరికాలో సైఫై చానెల్‌లో మొదలైన సీరియల్ అది. మంచి సీరియలే. కాకపోతే దాన్ని చూసి మా పని మీద జనం పెంచుకున్న నమ్మకాల్లో సగం తప్పు. మిగతా సగంలో కొన్ని, వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువ నిజం.

అపోహ: అది రోబోల సీరియల్.

'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే ఇంకో సీరియల్ కథకి 58 ఏళ్ళ ముందు జరిగే కథ కాబట్టి అందులోని సైలాన్ అనే రోబో ఇక్కడా ఉంటుంది. అయినా అసలు కథ రెండు ఇళ్ళది. ఒక ఇంటిపెద్ద డేనియల్ గ్రేస్టోన్, వర్చువల్ లోకంలోకి తీసుకెళ్ళే హోలోబ్యాండ్ తయారుచేసి కోట్లకి పడగెత్తినవాడు. రెండో ఇంటిపెద్ద లాయరు జోసెఫ్ ఆడమా. టారాన్ అనే గ్రహం నుంచి కాప్రికా గ్రహానికి వలస వచ్చిన మనిషి. హలాథా అనే నేర ముఠాతో అతనికి పాత సంబంధాలున్నాయి, తోడబుట్టిన శామ్ ఆ ముఠా కోసం మనుషుల్ని చంపుతాడు. రైల్లో బాంబు పేలి ఇద్దరి కూతుళ్ళూ పోతారు. అక్కడి నుంచి ఈ ఇంటి దుఃఖం ఆ ఇంటి గుమ్మం ఎక్కుతుంది. జోసెఫ్ స్థానికుల్లో కలిసిపోవడానికి ఆడమాని ఆడమ్స్ చేసుకుంటాడు. ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా మోస్తున్న మద్రాసు తెలుగువాళ్ళకి ఆ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: కళ్ళకి తగిలించుకుంటే చాలు, మనిషి మొత్తం లోపలికి వెళ్ళిపోతాడు.

హోలోబ్యాండ్ కళ్ళజోడంత ఉంటుంది. పెట్టుకున్నవాడు కుర్చీలోంచి లేవడు, లోపల మాత్రం పరిగెత్తుతాడు, దెబ్బలు తింటాడు. అంటే అది నేరుగా మెదడుతోనే మాట్లాడాలి. మా హెడ్‌సెట్ కంటినీ చెవినీ మాత్రమే నమ్మించగలదు. చేతికి దక్కేది కంట్రోలర్ వణుకు. వాసన లేదు, బరువు లేదు, వేడి లేదు. మంటలార్పే సిలిండర్ బరువు తెలియాలని మేం ఖాళీ సిలిండర్‌కే దాని కదలికని పసిగట్టే ట్రాకర్ బిగించి చేతికిస్తాం. ఉత్త కంట్రోలర్‌తో నేర్చుకున్నవాడు నిజం సిలిండర్ ఎత్తేసరికి తడబడతాడు.

కంటిని నమ్మించడమైనా తేలికేం కాదు. తల తిప్పాక దృశ్యం తిరగడానికి సుమారు 20 మిల్లీసెకన్లు దాటితే ఒంట్లో తేడా మొదలవుతుంది. సెకనుకి 90 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేము గీయడానికి మాకు దొరికేది 11 మిల్లీసెకన్లు. కన్ను నడుస్తున్నావని, చెవిలోపలి భాగం నిలబడే ఉన్నావని చెబితే కడుపులో తిప్పుతుంది. అందుకే చాలా ప్రోగ్రాముల్లో నడక తీసేసి, చూపించిన చోటికి గెంతడం పెడతాం. పైగా లెన్సు వెనక దృశ్యం ఎప్పుడూ ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టే కంటి ఫోకస్ కుదురుతుంది. ముక్కు దగ్గర ఉన్న వస్తువుని చూడాలంటే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి గానీ ఫోకస్ మారదు. అరగంటకి కణతలు లాగేది దీనివల్లే.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. సూళ్ళూరుపేట నుంచి వచ్చే ఒక సీనియర్ ఫిట్టర్, ఇది ఉత్త బొమ్మ అని బాగా తెలిసిన మనిషి, మంట ఆర్పేసి ఆయాసంతో పక్కనున్న బల్ల మీద చెయ్యి ఆనించబోయాడు. బల్ల ఉన్నది ప్రోగ్రాంలోనే. మేం రెక్క పట్టుకుని ఆపితే "ఇక్కడ బల్ల ఉంది కదా బాబూ" అని మమ్మల్నే అడిగాడు. కన్ను ఒక్కటి లొంగినా ఒళ్ళు చాలా దూరం వెంట వెళుతుంది.

సీరియల్లో ఎక్కడా కనపడనివి ఇంకొన్ని: కొబ్బరినూనె జిడ్డుకి నల్లబడే పట్టీలు, నుదుటి విభూతి అంటుకున్న స్పాంజి, మే నెలలో చెమటకి మసకబారే లెన్సులు. గది గోడలు బోసిగా తెల్లగా ఉంటే హెడ్‌సెట్ కెమెరాలకి ఆనవాలు దొరకదు, అందుకే పోస్టర్లు అంటిస్తాం. లెన్సుల మీద ఎండ పడేలా కిటికీలో పెట్టారా, లోపలి స్క్రీన్ కాలిపోతుంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్ బరువు మనిషి మోయలేక పైకప్పుకి కట్టారు. అక్కడి నుంచి చాలా దూరం వచ్చాం, హోలోబ్యాండ్ దగ్గరికి మాత్రం రాలేదు.

అపోహ: మనిషి డేటా అంతా పోగేస్తే మనిషి దొరికినట్టే.

ఎక్కువమంది అడిగేది ఇదే. సీరియల్లో డేనియల్ కూతురు జోయీ బతికుండగానే తన నకలుని తయారు చేస్తుంది. దాని వాదన ఏమిటంటే మెదడులో ఉండే సమాచారం సుమారు 300 మెగాబైట్లే, మనిషిని నేరుగా కాపీ చేయలేకపోయినా ఆసుపత్రి రికార్డులు, మెయిళ్ళు, కొనుగోళ్ళ బిల్లులు, కెమెరా దృశ్యాలు కలిపి అల్లుకోవచ్చు. ఆ 300 అంకె పట్టుకుని ఎవరూ వాదించకండి. మీ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ అంతకంటే పెద్దది. మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి, వాటి మధ్య అల్లికని ఇన్ని మెగాబైట్లని కొలిచే తూనిక ఇంకా పుట్టలేదు.

మిగిలిన ఫోటోలు, రికార్డుల నుంచి నకలు అల్లడం మాత్రం నడుస్తున్నదే, అదీ మన చుట్టుపక్కలే. 2022 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లాలో ఒక జంట పెళ్ళి రిసెప్షన్ని మెటావర్స్ అనే ఆన్‌లైన్ వర్చువల్ లోకంలో పెట్టుకున్నారు. పెళ్ళికూతురి తండ్రి అప్పటికే లేరు. ఆయన రూపాన్ని అవతార్‌గా చేసి ఆ వేడుకలో నిలబెట్టారు. 2024 జనవరిలో ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటకి దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని ఏఐతో తెచ్చి, కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బులిచ్చామని ప్రకటించారు. దాదాపు అదే రోజుల్లో, బాలుగారి గొంతుని ఒక తెలుగు సినిమాలో అడక్కుండా ఏఐతో వాడారని ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. పని ఒక్కటే, తేడా అంతా అడగడంలో ఉంది.

పనివాడిగా నాకు తెలిసినంతలో ఇవన్నీ తొడుగులే. ముఖం ఫోటోల నుంచి, కదలిక వేరే నటుడి నుంచి, గొంతు పాత రికార్డుల నుంచి, మాటలు ఎవరో రాసినవో, సగటు చూసి యంత్రం ఊహించినవో. లోపల ఎవరూ ఉండరు. కాప్రికాలో ఈ సంగతిని బాగా పట్టుకున్న సీను ఒకటుంది. డేనియల్ అదే పద్ధతిలో జోసెఫ్ కూతురు టమారాని తయారుచేసి తండ్రి ముందు నిలబెడితే, ఆ పిల్ల తన గుండె కొట్టుకోవడం తెలియడం లేదని భయంతో కేకలు పెడుతుంది. తండ్రి తట్టుకోలేక బయటికి వచ్చేస్తాడు. అలాంటి సీను రాసినవాళ్ళు 300 మెగాబైట్లు అన్నా క్షమించేయొచ్చు.

ఒక పనికొచ్చే ముక్క. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, మనం పోయాక మన డేటా హక్కుల్ని చూసుకోవడానికి ఒకరిని నామినేట్ చేయొచ్చని రాసి ఉంది. బ్యాంకు ఖాతాకి నామినీ రాసేవాళ్ళు దీని గురించీ తెలుసుకోవాలి.

అపోహ: వర్చువల్ లోకంలో చట్టం ఉండదు, దొంగలంతా అక్కడే చేరతారు.

వర్చువల్ లోకంలో తలుపు తెరుచుకోవాలన్నా ఎవరో ఒకరు కూర్చుని కోడ్ రాయాలి. ఎవరూ రాయని పని అక్కడ జరగదు. ఎవరో తెలియకుండా ముసుగులో దాక్కోవచ్చనుకుంటే ఇంకా ఘోరం: కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ పరిశోధకులు 2023లో 55 వేలకి పైగా వీఆర్ ఆటగాళ్ళ రికార్డులు తీసుకుని, తల, చేతుల కదలికని 100 సెకన్లు గమనిస్తే ఎవరెవరో 94 శాతం సరిగ్గా చెప్పొచ్చని తేల్చారు. నడివీధిలో మనిషికి దొరికే చాటు హెడ్‌సెట్‌లో దొరకదు.

నేరం ఉండేది తెరకి ఇవతలే. కాప్రికా ఇక్కడే నాకు నచ్చుతుంది. డేనియల్‌కి పోటీ కంపెనీ చిప్పు కావాలి, జోసెఫ్‌కి కూతురు కావాలి. ముఠా చిప్పు దొంగిలించుకొస్తుంది, ఆ దొంగతనంలో ఇద్దరి ప్రాణాలు పోతాయి. పచ్చబొట్లు, కత్తులు, రక్తసంబంధం, అంతా పాతకాలపు సరంజామా. దాని మీద సరికొత్త టెక్నాలజీ పుడుతుంది.

నిజంలోనూ అదే వరస. మయన్మార్ కోకాంగ్ ప్రాంతంలో ఆన్‌లైన్ మోసాల కోటలు నడిపినవి కుటుంబాలే. అందులో మింగ్ కుటుంబ ముఠాకి చెందిన 11 మందికి 2025 సెప్టెంబరులో చైనా కోర్టు మరణశిక్ష వేసింది. కంబోడియాలో అలాంటి కోటల్లో మనవాళ్ళూ ఇరుక్కున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని పంపించిన ఏజెంట్లని 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. ఇక పోలీసులమని బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ ముఠాలు వాడేది ఉత్త వీడియో కాల్: వెనక పోలీస్ స్టేషన్ సెట్టు, ఒంటి మీద యూనిఫాం. 20 మిల్లీసెకన్ల కోసం మేం పడే తంటాలేవీ వాళ్ళకి లేవు, భయం ఒక్కటి చాలు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: ఆటలో చచ్చిపోతే మళ్ళీ రానివ్వని, సీరియల్లోని న్యూ క్యాప్ సిటీ అనే వర్చువల్ ఆట లాంటి లోకం అసాధ్యం.

రూలు రాయడానికి పూట చాలు. అదే మనిషి ఇంకో ఫోన్ నంబరుతో కొత్త ఖాతా తెరవకుండా చూడటమే కష్టం, ఓటీపీలు అమ్మే ఊళ్ళో మరీ కష్టం.

అపోహ: టెక్నాలజీ అర్థంకాక జనం చూడలేదు, అందుకే ఆపేశారు.

మార్చిలో ఆపి అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టారు, ఆలోపు చూసేవాళ్ళు తగ్గారు. 2010 అక్టోబరు 27న రద్దు ప్రకటన వచ్చింది. మిగిలిన ఎపిసోడ్లని అమెరికాలో 2011 జనవరి 4న ఒక్కరోజే వేసేశారు. సీరియల్ మొత్తం కలిపి 18 ఎపిసోడ్లు. నా మట్టుకు నాకు, మతం గొడవ, ముఠా గొడవ, ఇంటి గొడవ అన్నీ ఒకేసారి మోయబోయి నడుం విరగ్గొట్టుకుంది. అయినా చూడాల్సిందే. మొదటి ఎపిసోడ్‌లోనే వర్చువల్ క్లబ్బు సీను ఉంది, నరబలితో సహా. ఇంట్లో పెద్దవాళ్ళు హాల్లో కూర్చున్నప్పుడు మాత్రం పెట్టకండి.