అపోహలు - వాస్తవాలు: సావో పాలోలోని ఇంకో జువెంటస్

నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌ని. బ్రెజిల్ అనగానే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఫ్లమెంగో, శాంటోస్ పేర్లే చెబుతారు. నేనేమో సావో పాలో నగరంలో మోకా అనే పేట గురించి, అక్కడి క్లబ్ అట్లెటికో జువెంటస్ గురించి మొదలుపెడతాను. వెంటనే ఈ ప్రశ్నలు వస్తాయి.

అపోహ: పేరు చూస్తే ఇది ఇటలీ జువెంటస్‌కు బ్రాంచిలా ఉంది.

కాదండీ. ఇది మిల్లు కార్మికుల జట్టు. రొడాల్ఫో క్రెస్పి అనే ఇటలీ వలసదారుడికి మోకాలో పెద్ద నూలు మిల్లు ఉండేది. 1917లో సావో పాలోను స్తంభింపజేసిన సార్వత్రిక సమ్మె రాజుకున్నది ఆ మిల్లులోనే. అక్కడి కార్మికుల జట్లు రెండు కలిసిపోయి 1924 ఏప్రిల్ 20న ఒక క్లబ్ అయ్యాయి. మొదట్లో దానికి మిల్లు పేరే ఉండేది, 1930లో జువెంటస్‌గా మార్చారు. పేరు ఇటలీ జువెంటస్ ఊరైన టురిన్ నుంచి వచ్చింది కానీ చొక్కాది ముదురు దానిమ్మ రంగు. అదే టురిన్‌లో జువెంటస్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన టొరినో రంగు కూడా దాదాపు అదే! స్టేడియానికి ఇప్పటికీ మిల్లు యజమాని పేరే ఉంది. జనం మాత్రం వీధి పేరుతో ‘రువా జవారి’ అంటారు. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది.

అపోహ: కింది డివిజన్‌లో ఉందంటే ఎప్పుడూ ఓడిపోయే జట్టే.

1930లో ఈ జట్టు సావో పాలోలోని పెద్ద క్లబ్ కొరింథియన్స్‌ను వాళ్ల సొంత మైదానంలోనే 2-1తో ఓడించింది. అప్పుడే తొమాజ్ మజ్జోని అనే జర్నలిస్టు దీన్ని ‘మొలేకి ట్రవేసు’ అన్నాడు, అంటే అల్లరి పిల్లాడు. ఆ పేరు నిలిచిపోయింది. 1983లో జాతీయ రెండో డివిజన్ టైటిల్ కూడా గెలిచింది.

బ్రెజిల్‌లో రాష్ట్రాల లీగులు వేరు, జాతీయ ఎ, బి, సి, డి సిరీస్‌లు, అంటే డివిజన్లు వేరు. చిన్న క్లబ్ రాష్ట్ర పోటీల్లో రాణిస్తేనే డి సిరీస్‌లో చోటు దొరుకుతుంది. దొరక్కపోతే దాని ముఖ్యమైన సీజన్ కొన్ని నెలల్లోనే ముగిసిపోతుంది, ఆటగాళ్ల కాంట్రాక్టులూ అంతే. ఏటా ఆ టెన్షన్‌తో బతికే క్లబ్‌ని చేతకానిది అనడం అన్యాయం.

అపోహ: పీలే కొట్టిన అత్యంత అందమైన గోల్‌ని వీడియోలో చూశాం.

మీరు చూసింది కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మ. 1959 ఆగస్టు 2న రువా జవారిలో పీలే ఆడే శాంటోస్‌తో ఈ క్లబ్‌కి మ్యాచ్ జరిగింది. అప్పటికి పీలే వయసు 18 ఏళ్లు. బంతిని కింద పడనివ్వకుండా డిఫెండర్ల తలల మీదుగా ఒకరి తర్వాత ఒకరికి లేపాడు, చివరికి గోల్‌కీపర్ మీదుగా కూడా దాటించి తలతో గోల్ కొట్టాడు. తన గోల్స్ అన్నింట్లో అదే అందమైనదని పీలేయే చెప్పాడు. దాని ఫిల్మ్ లేదు. అక్కడున్నవాళ్ల మాటల ఆధారంగా తర్వాత ఆ యానిమేషన్ చేశారు. తన జట్టు మీద పడిన గోల్‌కి గుర్తుగా ఈ క్లబ్ తన స్టేడియంలో పీలే విగ్రహం పెట్టుకుంది. ఆటంటే అంత గౌరవం వాళ్లకి!

అపోహ: చిన్న క్లబ్‌లో చేరితే పిల్లాడికి భవిష్యత్తు లేదు, క్లబ్‌కీ ఏమీ మిగలదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. థియాగో మోటా కుర్రాడిగా ఆడింది ఇక్కడే. 1999లో ఇక్కడి నుంచి బార్సిలోనాకు వెళ్లాడు, ఇటలీ జాతీయ జట్టుకు ఆడాడు. 2024లో టురిన్ జువెంటస్‌కే కోచ్ అయ్యాడు! పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాకు ఏళ్ల తరబడి ఆడిన డిఫెండర్ లూయిజావోదీ ఈ క్లబ్బే.

ఇక డబ్బు సంగతి. కాంట్రాక్టు ఉండగానే ఆటగాడు మరో దేశపు క్లబ్‌కు బదిలీ అయితే, ఆ సొమ్ములో 5 శాతాన్ని అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆట నేర్పిన క్లబ్‌లకు పంచాలన్నది ఫిఫా నిబంధన. కోటి యూరోల బదిలీ అనుకోండి. 12 నుంచి 15 ఏళ్ల వరకు, అంటే నాలుగు సీజన్లు నేర్పిన క్లబ్ వాటా లక్ష యూరోలు. చిన్న క్లబ్‌కు అది పెద్ద ఊపిరి. అయితే ఆ ఏళ్లలో పిల్లాడు తమ దగ్గర రిజిస్టర్ అయి ఉన్నట్టు రికార్డు ఉండాలి. అందుకే నేను కొత్త పిల్లాడు వచ్చిన రోజే బూట్ల సైజు కంటే ముందు పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతాను.