‘ఎస్’ ఎలా నిలిచింది: ఇంగ్లీషు బహువచనాల వెనుక చరిత్ర

ఇంగ్లీషులో బహువచనం కావాలంటే మాట చివర ‘ఎస్’ చేర్చాలని బడిలో మొదట నేర్పుతారు. ఆ వెంటనే ఫుట్‌కు ఫీట్, మౌస్‌కు మైస్, చైల్డ్‌కు చిల్డ్రన్, ఆక్స్‌కు ఆక్సెన్, షీప్‌కు షీప్ అంటూ ఒక పట్టిక ఇచ్చి, ఇవి నియమానికి లొంగవు కనుక కంఠస్థం చేయమంటారు. చరిత్ర తెలిసినవారికి ఈ వర్ణన తలకిందులుగా కనిపిస్తుంది. ఆ పట్టికలోని మాటల్లో చాలావరకు ఒకనాటి నియమాలను తు.చ. తప్పకుండా పాటించినవే, చుట్టూ ఉన్న భాష మారిపోగా అవి పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.

సుమారు 5వ శతాబ్దం నుంచి 1100 ప్రాంతం దాకా వాడుకలో ఉన్న ప్రాచీన ఇంగ్లీషులో నామవాచకాలకు మూడు లింగాలు, వాటితోపాటు విభక్తులు ఉండేవి. బహువచన రూపం ఆ మాట ఏ వర్గానికి చెందినదన్న దానిని బట్టి ఉండేది. రాయికి స్తాన్ అంటే రాళ్లకు స్తానస్. ఓడకు షిప్ అంటే ఓడలకు షిపు. పేరుకు నామ అంటే పేర్లకు నామన్. గొర్రెపిల్లకు లాంబ్ అంటే పిల్లలకు లాంబ్రు. అంటే నేటి ‘ఎస్’కు పూర్వరూపమైన ‘అస్’ అప్పట్లో ఒక తరహా పుంలింగ పదాలకు మాత్రమే చెందినది. ఆ తరహా పదాలు భాషలో చాలా ఎక్కువగా ఉండటం తరువాతి కాలంలో దానికి కలిసొచ్చింది.

ఫుట్, ఫీట్‌ల సంగతి మరింత పాతది. కత్తి, ముని వంటి మాటలకు ‘లు’ చేరగానే చివరి ‘ఇ’ ‘ఉ’గా మారి కత్తులు, మునులు అవుతాయి కనుక, ప్రత్యయంలోని అచ్చు ముందున్న అచ్చును తనవైపు లాక్కోవడం తెలుగువారికి కొత్త కాదు. ఇంగ్లీషుకు మూలమైన జర్మానిక్ భాషలో పాదానికి బహువచనం ‘ఫోతిజ్’ వంటి రూపమని భాషా చరిత్రకారులు పునర్నిర్మించారు. అందులోని ‘ఇ’ ప్రభావంతో ముందున్న ‘ఓ’ క్రమంగా ‘ఏ’ అయింది. తెలుగులో ఆ మార్పుకు కారణమైన ‘లు’ ఇంకా కళ్లెదుటే ఉంది. అక్కడ మాత్రం కారణమైన ప్రత్యయం రాలిపోయి, మారిన అచ్చు ఒక్కటే మిగిలి, ఫోత్‌కు ఫేత్ అన్న జంట ఏర్పడింది. దాదాపు 1400 నుంచి 1700 వరకు సాగిన దీర్ఘాచ్చుల మార్పు వీటికి ఇప్పటి ఉచ్చారణను ఇచ్చింది. టూత్, గూస్, మౌస్, మ్యాన్ కూడా ఈ దారిలోనివే. పుస్తకానికి కూడా ఒకప్పుడు బోక్, బేచ్ అన్న ఇలాంటి జంటే ఉండేది, కాని ఆ మాట తరువాత ‘ఎస్’ వైపు వెళ్లిపోయింది.

షీప్, డీర్‌లు మారకపోవడానికి కారణం వేరు. అవి ఉన్న నపుంసకలింగ వర్గంలో బహువచన ప్రత్యయం ‘ఉ’. దీర్ఘంగా పలికే అక్షరం తరువాత ఆ ‘ఉ’ లోపించేది. అందువల్ల షిప్‌కు షిపు వచ్చినా, గొర్రెకు ఏకవచనం, బహువచనం ఒక్కటే అయ్యాయి. వర్డ్, థింగ్, హౌస్ కూడా ఆనాడు ఇలా మార్పు లేనివే. ఫిష్‌ను వీటితో కలిపి చెప్పడం మాత్రం పొరపాటు. ప్రాచీన ఇంగ్లీషులో దానికి ‘ఫిస్కస్’ అన్న చక్కటి ‘అస్’ రూపం ఉండేది, మార్పులేని రూపం తరువాత వచ్చింది.

ఈ వ్యవస్థ కూలడానికి ముఖ్య కారణం ఉచ్చారణ. మాట చివర ఊనిక లేని అ, ఉ, ఎ అన్నీ ఒకే అస్పష్టమైన ధ్వనిగా మారి, ఆపై అదీ వినిపించకుండా పోయింది. అచ్చుతో ముగిసే బహువచనాలకు గుర్తే మిగల్లేదు. హల్లు అండ ఉన్న రెండు ప్రత్యయాలు మాత్రం బతికాయి: ‘ఎస్’, ‘ఎన్’. ఉత్తరాన మొదటిది, దక్షిణాన రెండవది బలపడ్డాయి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత వచ్చిన ఫ్రెంచి భాషలో కూడా బహువచనానికి ‘ఎస్’ ఉండటం వల్లే ఇది గెలిచిందని కొందరంటారు. ఫ్రెంచి కొంత ఊతమిచ్చి ఉండవచ్చు. అయితే అంతకు ముందే, 10వ శతాబ్దపు నార్తంబ్రియా (ఉత్తర ఇంగ్లండు ప్రాంతం) రాతల్లోనే ఈ ప్రత్యయం ఇతర వర్గాలకు పాకడం కనిపిస్తుంది. పైగా ఫ్రెంచి ప్రభావం ఎక్కువగా ఉన్న దక్షిణాదిలోనే ‘ఎన్’ ఎక్కువ కాలం నిలిచింది. అందువల్ల ఆ ఘనతను ఫ్రెంచికి కట్టబెట్టడం సరికాదనిపిస్తుంది.

ఈ పోటీ జనజీవితంలో ఎలా ఉండేదో విలియం కాక్స్టన్ రాసిన ఒక సంఘటన చూపుతుంది. ఇంగ్లండులో తొలి ముద్రాపకుడైన ఆయన 1490లో తాను అచ్చు వేసిన ఒక అనువాదానికి రాసిన ముందుమాటలో, థేమ్స్ నదిలో గాలి లేక ఓడ ఆగిపోయిన వర్తకుల గురించి చెప్పాడు. ఒడ్డుకు దిగి ఒక ఇంట భోజనం అడిగిన వారిలో ఒకడు ‘ఎగ్గెస్’ కావాలన్నాడు. తనకు ఫ్రెంచి రాదని ఆ ఇల్లాలు జవాబిచ్చింది. తనకూ ఫ్రెంచి రాదు కనుక అతనికి కోపం వచ్చింది. మరొకడు ‘ఐరెన్’ అనగానే ఆమెకు అర్థమైంది. గుడ్లకు మొదటిది నార్స్ (స్కాండినేవియా ప్రాంతపు పాత భాష) మూలం నుంచి వచ్చిన, ‘ఎస్’ చేరిన రూపం; రెండవది ‘ఎన్’ చేరిన దేశీయ రూపం. ఇలాంటి వేళ దేనిని అచ్చు వేయాలని కాక్స్టన్ వాపోయాడు. కాలం ‘ఎగ్గెస్’ పక్షాన నిలిచింది.

ఓడిపోయిన ‘ఎన్’ కొన్నిచోట్ల మిగిలింది. ప్రాచీన రూపం చెడకుండా నేటి సామాన్య వాడుకలోకి వచ్చినది ఆక్సెన్ ఒక్కటే. చిల్డ్రన్ నిజానికి రెండుసార్లు బహువచనమైన మాట: లాంబ్రు వర్గంలోని ‘చిల్డ్రు’ కాలక్రమేణా ‘చిల్డర్’ అయి, దానికి మళ్లీ ‘ఎన్’ తోడైంది. ఆవులకు ‘కైన్’, సోదరులకు ‘బ్రెద్రెన్’ అన్నవి కూడా అలాంటివే. ఆ రెండూ 1611 నాటి బైబిలు అనువాదంలో ఉన్నాయి.

నైఫ్‌కు నైవ్స్, వుల్ఫ్‌కు వుల్వ్స్ రావడం కూడా పాత ఉచ్చారణ జాడే. ప్రాచీన ఇంగ్లీషులో రెండు అచ్చుల నడుమ, లేదా ‘ల’ వంటి నాద ధ్వనికీ అచ్చుకూ నడుమ, ‘ఫ’ ధ్వని ‘వ’గా పలికేది, ప్రత్యయంలోని అచ్చు పోయినా ‘వ’ మిగిలింది. తరువాత ఫ్రెంచి నుంచి వచ్చిన చీఫ్‌కు ఆ గతం లేదు కనుక అది చీఫ్స్.

విద్యావంతుల లాటిన్ మోజు ఈ కథకు మరో పొర చేర్చింది. పునరుజ్జీవన కాలం నుంచి గ్రీకు, లాటిన్ పదాలు తమ సొంత బహువచనాలతోనే వచ్చాయి: రేడియస్‌కు రేడియై, ఫినామినన్‌కు ఫినామినా. ఆ మోజులోనే ఆక్టోపస్‌కు ‘ఆక్టోపై’ పుట్టింది; ఆ పదం గ్రీకుది కనుక, పాండిత్యమే కొలమానమైతే ‘ఆక్టోపొడీస్’ కావాలి, వాడుకే కొలమానమైతే ‘ఆక్టోపసెస్’ చాలు. అజెండా లాటిన్‌లో బహువచనమైనా నేడు ఇంగ్లీషులో ఏకవచనమై, ‘అజెండాస్’ అని మళ్లీ ‘ఎస్’ తగిలించుకుంది. డేటా మాత్రం ఇంకా నడిమధ్యన ఉంది: శాస్త్ర పత్రికల్లో కొన్ని దాన్ని బహువచనంగానే వాడమంటున్నాయి, సామాన్య వాడుక దాన్ని ఏకవచనం చేసేసింది.