"పాములు పెడతారట కదా బాబూ?" విదేశీ టూర్లలో తిండి: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళిలో ఉన్న మా చిన్న ఆఫీసుకు వచ్చే తెలుగువాళ్ళు వీసా గురించి అడిగేది రెండో ప్రశ్నే. మొదటిది ఎప్పుడూ తిండి గురించే. "థాయ్‌లాండ్‌లో అన్నీ పాములూ పురుగులేనట కదా బాబూ?" అని పెద్దవాళ్ళు, "అన్నా, డిన్నర్ ఇండియనే కదా?" అని కుర్రాళ్ళు. కోవిడ్ రెండేళ్ళు తీసేస్తే పన్నెండేళ్ళుగా బ్యాంకాక్, హనోయ్, సింగపూర్, బాలి అంటూ ఇలాంటి గ్రూపులనే తిప్పుతున్నాను. తిండి దొరక్క చెడిపోయిన ట్రిప్ నాకు ఒక్కటీ గుర్తులేదు. వేళ తప్పి చెడినవి, బిల్లు దగ్గర మొహాలు మాడ్చుకుని చెడినవి మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: శాకాహారులకు అక్కడ బ్రెడ్డూ అరటిపండే గతి

బెంగళూరు వచ్చిన కొత్తలో సాంబారు తీపిగా ఉందని మనమంతా తిట్టుకున్నవాళ్ళమే. తర్వాత "సాంబార్ సపరేట్" అనడం నేర్చుకున్నాం, గొడవ తీరింది. బయట దేశంలోనూ ఇలాగే ఒక్క మాటతో పని జరుగుతుంది. కాకపోతే అది ఆ ఊరి మాట అయి ఉండాలి. "వెజ్" అన్నా, "నో మీట్" అన్నా వాళ్ళకు అర్థమయ్యేది కోడి, పంది, గొడ్డు మాంసం వద్దని మాత్రమే. చేపల నుంచి తీసిన సాస్ వాళ్ళకు ఉప్పు లాంటిది. కూరలో ఉప్పు వేశారా అని మనల్ని ఎవరైనా అడుగుతారా?

థాయ్‌లాండ్‌లో ఆ మాట "జే". పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరం ఉన్న చిన్న జెండా కనిపిస్తే ధైర్యంగా కూర్చోవచ్చు. ఆ వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. కార్తీక మాసంలో వచ్చిన ఒక అత్తయ్యగారు ఈ సంగతి విని, "అయితే మా ఇంటికంటే వీళ్ళకే మడి ఎక్కువ" అన్నారు. ఫుకెట్‌లో తొమ్మిది రోజుల జే పండుగ ఉంటుంది. చాలా ఏళ్ళు అది మన నవరాత్రులతో కలిసే వస్తుంది. ఆ రోజుల్లో వీధి నిండా పసుపు జెండాలే. "మంగ్సవిరాట్" అని ఇంకో మాట కూడా వింటారు. అదీ శాకాహారమే కానీ గుడ్డు ఉండొచ్చు. మామూలు హోటల్లో అయితే "మై సై నామ్ ప్లా" అనండి, చేపల సాస్ వేయొద్దని అర్థం.

వియత్నాంలో ఆ మాట "చాయ్". హనోయ్‌లో గైడ్ ఒక బోర్డు చూపించి "ఇది చాయ్ హోటల్" అనగానే మా గుంటూరు పెద్దాయన "రెండు చెప్పు బాబూ, చక్కెర తక్కువ" అన్నారు. అక్కడ చాంద్రమానంలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజుల్లో చాయ్ హోటళ్ళు కిటకిటలాడతాయి.

జే వంట మన నాలుకకు చప్పగా తగులుతుంది, అది నిజమే. టేబుల్ మీద ఎండుకారం డబ్బా ఉంటుంది, వేసుకోండి. పక్కనే పచ్చిమిర్చి ముక్కలు తేలుతూ గోధుమరంగు నీళ్ళు ఉంటాయి చూశారా, అది మాత్రం చేపల సాస్.

ఇక పాములు, పురుగుల సంగతి. ఈశాన్య థాయ్‌లాండ్‌లో మిడతలు, పట్టుపురుగులు మామూలు తిండే, అందులో వింత లేదు. టూరిస్టు వీధుల్లో బండ్ల మీద కనిపించేవి ఎక్కువగా ఫోటోల కోసం. ఎవరూ మీరు అడగకుండా మీ పళ్ళెంలో వేయరు.

అపోహ: బాలిలో హిందువులే, శ్రీలంక పక్కిల్లే, ఇంకేం భయం

నేను ఎక్కువ జాగ్రత్తగా ఉండేది ఈ రెండు చోట్లే. బాలి హిందువులకు పంది మాంసం పండుగ వంట. ఇండోనేషియా సంబల్ పచ్చడిలో చాలాసార్లు రొయ్యల ముద్ద కలుస్తుంది. శ్రీలంకలో కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లో మాల్దీవుల ఎండుచేప పొడి పడుతుంది. మలేషియాలో నాసి లెమాక్ అడిగితే కొబ్బరిపాల అన్నంతో పాటు వేయించిన చిన్న ఎండుచేపలు వస్తాయి. జపాన్‌లో మిసో సూప్ చూడటానికి పప్పుకట్టులా ఉంటుంది. దాని అడుగు రసం మాత్రం చాలాచోట్ల చేప తురుముతో కాచిందే. మన తిండిలా కనిపిస్తే అడగడం మానేస్తాం. దొరికిపోయేది అక్కడే.

అపోహ: ఇండియన్ బఫే సేఫ్, రోడ్డు పక్క తింటే కడుపు పాడవుతుంది

ఒక ట్రిప్‌లో ఇరవై రెండు మందిలో ఏడుగురికి ఒకే రాత్రి వాంతులు పట్టుకున్నాయి. అంతకు ముందు రోజు రాత్రి అందరూ వీధిలో నూడుల్స్ తిన్నారు, ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం తిన్నది మాత్రం పనీర్, జీరా రైస్ ఉన్న ఇండియన్ బఫే. మా బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండు గంటలు లేటుగా చేరింది. ట్రేల కింద మంట ఎప్పుడో ఆరిపోయింది. నేను మూత తీసి చూశాను, ఆవిరి లేదు. అందరూ ఆకలి మీద ఉన్నారని ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

వండింది ఐదు డిగ్రీల లోపు చల్లగానో, అరవై డిగ్రీల పైన వేడిగానో ఉండాలి. మధ్యలో గోరువెచ్చగా రెండు గంటలు దాటితే క్రిములు పెరుగుతాయి. అన్నం సంగతి మరీ మోసం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా పడి ఉంటే మళ్ళీ లేచి విషం తయారుచేస్తాయి. ఆ విషం తిరిగి వేడి చేసినా పోదు. బండి మీద కళ్ళ ముందు మూకుట్లో పొగలు కక్కుతూ వేయించి ఇచ్చేదానికి ఈ బాధ తక్కువ. రద్దీగా ఉన్న బండి అయితే సరుకు కూడా నిలవ ఉండదు.

పొద్దున కట్టుకున్న పెరుగన్నం మధ్యాహ్నం దాకా బస్సులో పెట్టుకునేవాళ్ళు కూడా ఈ పేరా ఇంకోసారి చదవండి. పులిహోరకు చింతపండు పులుపు కొంత అండ. అలాగని రెండో రోజుకు దాచకండి.

నీళ్ళ మాట: సింగపూర్, జపాన్‌లో కుళాయి నీళ్ళు తాగొచ్చు. థాయ్‌లాండ్, వియత్నాం, ఇండోనేషియాలో సీసా నీళ్ళే.

అపోహ: "ఆకలేస్తే అప్పుడే చూసుకుందాంలే"

గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఒంటిగంటకు నేను భోజనం అంటే మన కడుపుకు ఇంకా పొద్దున పదిన్నరే. పైగా హోటల్ బ్రేక్‌ఫాస్ట్ భారీగా లాగించి ఉంటారు. "ఇప్పుడే వద్దు బాబూ" అంటారు. మూడున్నరకు అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది, అప్పటికి వంటగదులు మూస్తుంటారు. రాత్రి మన తొమ్మిది అంటే అక్కడ పదకొండున్నర. జపాన్‌లో అయితే పన్నెండున్నర! చాలా చోట్ల హోటల్ మూసే టైముకు అరగంట ముందే చివరి ఆర్డర్ అయిపోతుంది.

అందుకే మొదటి రెండు రోజులు బ్రేక్‌ఫాస్ట్ సగమే తినమని బతిమాలతాను. ఎవరూ వినరు, అది వేరే సంగతి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం వినాలి. మందులు, ఇన్సులిన్ ఏ టైముకో బయల్దేరే ముందే డాక్టరును అడిగి రాయించుకోండి. బ్యాగులో వేరుశనగ చిక్కీలు ఉంచుకోండి.

సింగపూర్ హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాల్లో, ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఎవరో మరచిపోయారని తీసేయకండి. అది మన బస్సు సీట్లో తువ్వాలు వేయడం లాంటిదే. తిన్నాక ట్రే మీరే తీసి పెట్టాలి. 2021 నుంచి అది అక్కడ రూలు, మాట వినకపోతే జరిమానా.

అపోహ: స్నేహితుల మధ్య లెక్కలేంటి

బెంగళూరులో వన్ బై టూ కాఫీ తాగే మనం విదేశంలో మాత్రం మహారాజులమైపోతాం. ఎనిమిది మంది కాలేజీ స్నేహితులు, మూడో రాత్రి దాకా అన్నీ సమానంగా పంచుకున్నారు. వాళ్ళలో ఇద్దరు మందు ముట్టరు, ఆ ఇద్దరిలో ఒకతను పూర్తి వెజ్. బీర్ల బిల్లులో మూడోసారి వాటా కట్టాక అతను ఒక్క మాట అనలేదు, నాలుగో రోజు నుంచి ఒక్కడే విడిగా తినడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళకు కారణం తెలిసింది తిరిగొచ్చే ఫ్లైట్‌లోనే.

నేను ఇప్పుడు బయల్దేరకముందే చెప్పేస్తాను. భోజనానికి ఉమ్మడి పర్సు, అది ఒకరి చేతిలోనే. మందు ఎవరిది వాళ్ళదే, వేరే బిల్లు. లెక్క ప్రతి రాత్రి వాట్సాప్ గ్రూపులో.

ఇంకోటి, మెనూ ధర చివరి ధర కాదు. సింగపూర్ రెస్టారెంట్లలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే పది శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద తొమ్మిది శాతం పన్ను ఉన్నాయని అర్థం. వంద డాలర్లు అనుకున్నది దాదాపు నూట ఇరవై అవుతుంది. జపాన్‌లో టిప్ ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేస్తారు, కొన్నిసార్లు వెంటపడి మరీ.

అపోహ: చాప్‌స్టిక్స్ పట్టడం రాకపోతే పరువు తక్కువ

థాయ్‌వాళ్ళే అన్నం చెంచా, ఫోర్కుతో తింటారు. మలేషియాలో అరిటాకు భోజనం చేత్తోనే. జపాన్‌లో మాత్రం అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకండి. అది చనిపోయినవాళ్ళ ముందు పెట్టే పద్ధతి. పిండం పెట్టే మనకు వివరంగా చెప్పక్కర్లేదు.

అపోహ: ఇంటి పొడులు, పచ్చళ్ళు ఎన్ని పట్టుకెళ్ళినా అడగరు

దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళు మసాలా డబ్బా ఒకసారి విప్పి చూడండి. గసగసాలు అక్కడ నిషేధం, మాదకద్రవ్యాల కేసు అవుతుంది. ఎండుకొబ్బరి చిప్పలు త్వరగా అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలో పెట్టనివ్వరు. నూనె పచ్చడి చేతి సంచిలో వద్దు, గట్టిగా సీలు చేసి పెద్ద సూట్‌కేసులో పెట్టుకోండి.

దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో ఒక అత్తయ్యగారి చేతి సంచిలో కిలో ఆవకాయ సీసా ఆపేశారు. చెత్తబుట్టలో వేయడానికి ఆవిడకు మనసొప్పలేదు. లైన్లోంచి వెనక్కి వచ్చి, మావాళ్ళు డబ్బాల్లో తెచ్చుకున్న ఇడ్లీల్లోకి తలా రెండు ముక్కలు వేశారు. వెనక నిలబడ్డ కన్నడ కుటుంబానికీ పెట్టారు. బ్యాంకాక్ వెళ్ళాల్సిన సీసా బెంగళూరులోనే ఖాళీ అయింది.