పైకి వినపడని మాట

ప్రియమైన పిల్లలకు,

దసరాకు వచ్చినప్పుడు మీలో ఒకరు అడిగిన ప్రశ్న నా మనసులోనే ఉండిపోయింది. "అమ్మమ్మా, కాకతీయ యూనివర్సిటీలో అంతమంది రీసెర్చ్ చేస్తారు కదా, దానివల్ల ఊళ్ళో పింఛనుగానీ పట్టాగానీ ఒక్కరోజు ముందు వస్తుందా?" అన్నారు. ఇల్లంతా చుట్టాలు, బతుకమ్మ హడావుడి, అప్పుడు కుదరలేదు. వస్తుంది. ఎట్లా వస్తుందో ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక పథకం నిర్ణయమై, అది ఏటూరునాగారం అవతల ఒక ముసలమ్మ చేతికి అందేలోపు ఎన్నో బల్లలు దాటాలి. కింది నుంచి పైకి పోయే రిపోర్టుల్లో పని బాగానే జరుగుతోందని ఉంటుంది. రాసేవాళ్ళు అబద్ధాలకోరులని కాదు. తన పనిని తానే కొలిచి, బాగాలేదని పై అధికారికి రాసేవాళ్ళు ఎక్కడైనా తక్కువే. ఎమ్మెల్యే దాకా, సెక్రటేరియట్ దాకా పోగలిగినవాళ్ళ మాట ఎట్లాగూ వినపడుతుంది. మిగతావాళ్ళ మాట వినపడాలంటే, ఆ ఆఫీసుకు భయపడాల్సిన అవసరం లేనివాళ్ళు ఎవరో పోయి అడిగి, పద్ధతిగా రాసి తేవాలి. పాలనకు పరిశోధన చేసే పెద్ద మేలు ఇదేనని నేను నమ్ముతాను.

దీనికి మన ఉత్తర తెలంగాణలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపారు. తిరుగుబాటును తుపాకీతో అణచగలిగారుగానీ, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలియకుండా ఆ ప్రాంతాన్ని పాలించడం కుదరదని సర్కారుకు అర్థమైంది. అక్కడి పరిస్థితి చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను కోరింది. ఆయన ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ వాళ్ళు శత్రుదేశస్థుడి కింద లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఆ ఆంక్ష మన అడవి ప్రజలకు కలిసొచ్చిందనే చెప్పాలి.

భార్య బెట్టీతో కలిసి ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో మకాం పెట్టాడు. అది ఇప్పుడు ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. గోండులతో కలిసి బతుకుతూ అడిగాడు, విన్నాడు, రాసుకున్నాడు. తేలిందేమిటంటే, తరాలుగా దున్నుతున్న భూమికి వాళ్ళ దగ్గర కాగితం లేదు. ఆ కాగితం బయటి నుంచి వచ్చినవాళ్ళ పేర పుడుతోంది. రిజర్వు ఫారెస్టు హద్దు గీసినప్పుడు పొలాలకు పొలాలే గీత లోపలికి పోయాయి. ఆఫీసు భాష ఉర్దూ, గూడెం భాష గోండి. రెండింటి మధ్య నిలబడ్డవాళ్ళు మామూళ్ళు తింటున్నారు.

సర్కారు ఆయన్నే గిరిజన వ్యవహారాల సలహాదారుగా పెట్టుకుంది. గోండులకు పట్టాలివ్వడం మొదలైంది. మార్లవాయిలోనే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం తెరిచారు, పిల్లలకు గోండిలో చదువు చెప్పించారు. అక్కడ పనిచేసిన సేతుమాధవరావు పగడి అనే అధికారి తానే గోండి నేర్చుకున్నాడు. ఈ మాట నేను కావాలనే చెప్తున్నాను. ఎంత మంచి రిపోర్టయినా దాన్ని చదివి, నమ్మి, కదిలే ఒక అధికారి అవతలి పక్కన ఉంటేనే పనికొస్తుంది.

తర్వాతి కథ కూడా దాచకూడదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో గట్టిగా సవరించారు. మన దగ్గర అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అంత చేసినా, 1970ల్లో మళ్ళీ వచ్చి చూసిన హైమన్‌డార్ఫ్‌కు ఒకప్పుడు పట్టాలిచ్చిన భూములు చాలాచోట్ల చేతులు మారి కనిపించాయి. చట్టం చేశాక కూడా పోయి చూస్తూ ఉండాల్సిందే. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. ఉట్నూరు వైపు పోయినప్పుడు చూసి రండి.

ఇక ఈ కాలం సంగతి. 2010 ప్రాంతంలో, ఇంకా ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు, ఉపాధి హామీ కూలీ డబ్బులు, పింఛన్లు వేలిముద్ర పెట్టి తీసుకునే స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు సర్కారుతో ముందే మాట్లాడుకుని, 8 జిల్లాల్లో ఏ మండలాలకు కార్డులు ముందివ్వాలో, ఏవాటికి తర్వాత ఇవ్వాలో లాటరీ తీయించారు. లాటరీ ఎందుకంటే, చురుకైన అధికారులున్న మండలాలకే ముందు ఇస్తే, రేపు అక్కడ పని బాగుంటే అది కార్డు గొప్పా, అధికారి గొప్పా తేల్చలేం. లాటరీలో అయితే అన్నిరకాల మండలాలూ రెండు వైపులా పడతాయి. అప్పుడు కనపడే తేడా కార్డుదే.

రెండు వైపులా ఇంటింటికీ పోయి కూలీలను అడిగారు. కార్డులొచ్చిన మండలాల్లో డబ్బు త్వరగా అందింది, మధ్యలో గల్లంతయ్యే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గింది. మీరు గుర్తుంచుకోవాల్సింది దీని తర్వాత జరిగింది. 2013లో సర్కారు ఈ కార్డులను ఎత్తేయాలన్నంతవరకూ వెళ్ళింది. ఎందుకంటే పైకి చేరినవన్నీ ఫిర్యాదులే. పాత పద్ధతిలో చేతికేదో మిగిలినవాళ్ళు గట్టిగా మాట్లాడారు, పైవాళ్ళ దగ్గరికి పోగలిగారు. నాలుగు రోజులు ముందు కూలీ అందిన మనిషి దాని గురించి చెప్పడానికి ఎవరి దగ్గరికి పోతాడు? కూలీల్లో, పింఛనుదార్లలో 90 శాతానికి పైగా కార్డే బాగుందన్నారని సర్వేలో తేలింది. ఆ లెక్క చూశాకే, కొంతవరకు దానివల్లే, సర్కారు వెనక్కి తగ్గింది.

రైతుబంధు మీకు తెలిసిందే. 2018 మే 10న మన పక్కనే హుజూరాబాద్ దగ్గర మొదలుపెట్టారు. ఎకరాకు 4,000 రూపాయల చెక్కు, రాష్ట్రంలో 57 లక్షల మంది రైతులకు. అప్పుడు ఇదే పరిశోధకులు, మరొకరితో కలిసి, చాలా చిన్న పని చేశారు. లాటరీలో కొన్ని మండలాలు తీసి, అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పించారు: "మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో అడుగుతాం." అంతే. కొత్త ఉద్యోగం లేదు, కొత్త ఆఫీసు లేదు. ఆ మండలాల్లో డబ్బు అందనివాళ్ళ సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతు చేతికి చేరిన ప్రతి 100 రూపాయలకు ఈ ఫోన్లకైన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. ఇంత చవకైన పని ప్రతి పథకానికీ ఎందుకు చేయకూడదో నాకైతే ఒక్క కారణమూ కనపడదు.

చట్టాల దగ్గరికి వస్తే పని ఇంకా ముందే మొదలవ్వాలి. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని కేంద్రం 2014లోనే ఒక విధానం పెట్టుకుంది. అన్ని బిల్లులకూ అది జరగడం లేదు, అది బాధాకరం. మన రాష్ట్రంలో 2020 భూమి చట్టంతో భూమి తగాదాలు తేల్చే రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి, రికార్డులో తప్పు పడితే సివిల్ కోర్టుకు పోవాల్సిన గతి చాలామందికి పట్టింది. 2024 ఆగస్టులో కొత్త ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగారు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి తెచ్చిన భూభారతి అనే కొత్త చట్టంలో అప్పీలుకు దారి దొరికింది. ఇప్పుడు అది ఎట్లా నడుస్తోందో చూడాలి. ఏ రకం తప్పుకు ఎన్ని అర్జీలొచ్చాయి, ఎన్ని రోజుల్లో తేలాయి, ఆడవాళ్ళ అర్జీలు ఎన్ని తిరస్కరించారు? మీలో లా చదవాలనుకుంటున్నవాళ్ళకు ఒక్క మండలం తీసుకున్నా చేతినిండా పని.

పరిశోధన అన్నీ తేల్చదు. ఎకరాకు ఎంత ఇవ్వాలి, కౌలురైతుకు ఇవ్వాలా వద్దా అన్నది మనం ఓటేసి పంపినవాళ్ళు తేల్చాలి. ఇచ్చింది చేరిందా, ఏ దారిలో ఇస్తే ఎక్కువగా చేరుతుంది అన్నదాంట్లో మాత్రం ఊహలతో పని నడపడం తప్పు. మన యూనివర్సిటీలమీద కూడా నాకొక కోరిక ఉంది. ఊళ్ళ గురించి రాసే ప్రతి థీసిస్‌కూ రెండు పేజీల తెలుగు సారాంశం రాసి కలెక్టరేటుకు, ఆ ఊరి గ్రామ పంచాయతీకి ఇవ్వాలి. ఇంగ్లిష్‌లో 300 పేజీలు రాసి లైబ్రరీలో పెడితే, జవాబులు చెప్పిన రైతుకే అందులో ఏముందో తెలియదు.

మీరు సంక్రాంతి సెలవుల్లో ఊళ్ళో పింఛన్ల సర్వే చేస్తామన్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళనే అడగకండి, వాళ్ళు ఎప్పుడూ కనపడేవాళ్ళే. ఇళ్ళ జాబితా తీసుకుని ప్రతి పదో ఇంటికి పోండి, తాళం ఉంటే సాయంత్రం మళ్ళీ పోండి. "పింఛను సరిగ్గా వస్తుందా?" అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. "పోయిన నెల ఏ తారీఖున వచ్చింది? చేతిలో ఎంత పెట్టారు? తెచ్చుకోవడానికి ఆటోకు ఎంతయింది?" అని అడగండి. పక్కన పెద్దమనుషులు ఎవరూ నిలబడకుండా చూసుకోండి. ఎవరి పేరూ బయటపెట్టబోమని ముందే చెప్పండి, చెప్పిన మాట నిలబెట్టుకోండి. ప్రశ్నలు పదికి మించొద్దు. కాగితం రాయగానే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపండి, ఊళ్ళోకి పోయేలోపు ఒకసారి చూసి దిద్ది పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ
హనుమకొండ